వానను ఎవరూ పిలవలేదు

లక్ష్ముడు వాన గురించి చెప్పిన మాట ఒక్కటీ నిజమయ్యేది కాదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసి "ఇయ్యాల రాదు" అన్నాడంటే, ఆడవాళ్లు వడియాలు పెట్టిన చాపల్ని గబగబా లోపలికి లాక్కునేవాళ్లు. "వొస్తాది సూడండి" అన్నాడంటే నిశ్చింతగా ధాన్యం ఎండబోసుకునేవాళ్లు. నలుగురూ నవ్వితే అతనూ నవ్వేవాడు. మర్నాడు మళ్లీ ఆకాశం చూసి మళ్లీ చెప్పేవాడు.

అతని భార్య కుమారి. పుట్టింది ఇచ్ఛాపురం పక్క పల్లెలో. పెళ్లయ్యాక సరిహద్దు దాటి ఒడిశా వైపుకు, గిరిసోల స్టేషనుకు తూర్పుగా సముద్రం దారిలో ఉన్న అత్తవారి ఊరికి వచ్చింది. సరిహద్దు అంటే అక్కడ పెద్ద మార్పేమీ కనబడదు. బోర్డుల మీద అక్షరాలు మారతాయి, బస్సు కండక్టరు భాష మారుతుంది. ఇళ్లలో తెలుగే, బజారులో ఒడియా, పొలంలో రెండూ.

కుమారి ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆ తర్వాత చదువంతా చేతి పనే. వేసవిలో జీడితోటలు, వానలు పడగానే నాట్లు, శ్రావణం నుంచి మొగలిపూలు. ఆ ప్రాంతంలో పొలాల గట్ల మీద మొగలి పొదలు దట్టంగా పెరుగుతాయి. తెల్లవారుతుండగానే పూలు కోసి, అత్తరు తీసే భట్టీకి చేర్చాలి, ఎండెక్కితే వాసన పోతుంది. ఆకుల అంచుల నిండా ముళ్లు. కుమారి చేతుల మీద ఒక గీత మానేలోగా ఇంకొకటి పడేది.

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. లక్ష్ముడి తల్లి కూర్మమ్మ, ఏడేళ్ల కూతురు చిన్ను. కూర్మమ్మకు ఊళ్లో ఒక పేరుంది. ఎవరింట చావు జరిగినా ముందు ఆమెకే కబురు వచ్చేది. శవం పక్కన కూర్చుని, పోయినవారి మంచితనమంతా ఒక్కొక్కటే తలుచుకుంటూ రాగం తీసి ఏడిస్తే, ఎంత గట్టివాళ్లయినా కళ్లు తుడుచుకోవలసిందే. చిన్నుకి ఆ గొంతే వచ్చింది. వీధి చివర నిలబడి "అమ్మా" అని కేకేసిందంటే చెరువు అవతలి గట్టు మీద ఉన్న కుమారి కలుపు తీయడం ఆపి తలెత్తేది.

ఆ ఏడు మృగశిర వెళ్లిపోయింది, ఆరుద్ర కార్తె వచ్చింది, చినుకు మాత్రం రాలేదు. ఆకుమళ్లలో మొలకలు ఎర్రబారాయి. బావిలో బిందె మునగడం లేదు. బరంపురంలో ఎండదెబ్బకు మనుషులు పడిపోతున్నారని టీవీలో చెప్పారు. ఇక పెద్దలు పిల్లల్ని పిలిచి కప్పతల్లి ఆడమన్నారు. రోకలికి తడిగుడ్డలో మూటగట్టిన కప్పను వేలాడదీసి, చుట్టూ వేపమండలు కట్టి, ఇద్దరు పిల్లలు భుజాల మీద మోసుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. ఇంటి ఆడవాళ్లు రోకలి మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తారు. పిల్లలు పాట పాడుతూ వానను రమ్మని పిలుస్తారు.

ఆ ఏడు రోకలి ఒక కొస చిన్ను భుజం మీద ఉంది. కప్పను వెతికి పట్టిచ్చింది లక్ష్ముడే. బావి చప్టా కింద చెయ్యి పెట్టి తీసి, "ఇదిగో, పెద్దది. దీనికైతే తప్పకుండా వొస్తాది" అన్నాడు. చిన్ను గొంతు చించుకుని పాడింది. కూర్మమ్మ మనవరాలి నెత్తిమీద నీళ్లు పోసి, "ఒలే, నీ గొంతినాక వాన ఆగుతాదేటే?" అని మురిసిపోయింది.

రెండు రోజుల తర్వాత మబ్బు పట్టింది.

మధ్యాహ్నం దాటింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. పడమటి వైపు నుంచి నల్లటి మబ్బు ఒకటి గోడలా లేచింది. కుమారి పొయ్యి దగ్గర నుంచి బయటికి వచ్చి చూసి కంగారుపడింది.

"మావా, మేకలు చెరువు గట్టు మీద కట్టేసున్నాయి. తడిసిపోతాయి. తోలుకొచ్చీ."

లక్ష్ముడు అరుగు మీద పడుకునే ఆకాశం చూశాడు. "ఇది రాదే. గాలికి ఎల్లిపోద్ది."

"నీ మాట ఎప్పుడు నిజమైనాది? బేగి ఎల్లు!" అని కుమారి నవ్వింది.

అతనూ నవ్వాడు. తువ్వాలు నెత్తికి చుట్టుకుని వెళ్లాడు.

అతను గట్టు చేరేసరికి చల్లగాలి ఒక్కసారిగా విసిరింది. వెనకే పెద్ద పెద్ద చినుకులు. లక్ష్ముడు మేకల తాళ్లు విప్పి, వాటిని లాక్కుంటూ గట్టు చివర తాడిచెట్టు కిందకి చేరాడు. దూరంగా పాకలో ఉన్న పశువుల కాపర్లకి అతను అక్కడ నిలబడటం కనబడింది. తర్వాత కళ్లు మూసుకుపోయేంత వెలుగు, చెవులు పగిలేంత మోత. కళ్లు తెరిచి చూస్తే అతను నిలబడి లేడు. మేకలు కూడా కూలిపోయి ఉన్నాయి. వాళ్లు పరుగెత్తుకెళ్లేసరికి మేకల తాళ్లు అతని చేతిలోనే ఉన్నాయి.

ఆటోలో వేసుకుని బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, అక్కడికక్కడే పోయాడని చెప్పాడు. మర్నాడు శవాన్ని ఇంటికి తెచ్చారు. అప్పటికి ఊరంతా తడిసి ఉంది. మడుల్లో నీళ్లు నిలిచాయి. దారిలో రైతులు భుజాన నాగళ్లతో ఎదురై, ఆటో చూసి పక్కకి ఒదిగి, తలలు దించుకున్నారు.

కూర్మమ్మ కొడుకు పక్కన కూలబడింది. ఎన్నో ఇళ్లలో ఏడ్చిన గొంతు తన ఇంట్లో లేచింది. ఆమెకు ఏమంటున్నదీ తెలియదు. నోటికి వచ్చినదల్లా రాగంలో కలిసిపోయింది.

"ఏల పిలిసినావే నా మనవరాలా! కప్పనెత్తుకొని ఈదీదీ తిరిగి పిలిసినావే! వొచ్చినాదే ఆ వాన! నా కొడుకుని పట్టుకెల్లిపోడానికే వొచ్చినాదే!"

ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు. కుమారికి ఆ మాటలు చెవిన పడ్డాయో లేదో కూడా తెలియదు. వాకిట్లో రాట పట్టుకుని చిన్ను నిలబడి ఉంది. ఆ సమయంలో దాన్నెవరూ చూడలేదు.

*

కర్మకాండలు అయ్యాయి. కుమారి మళ్లీ పనిలోకి దిగింది. దిగకపోతే పొయ్యి వెలగదు. నాట్లు అయిపోయి శ్రావణం వచ్చింది, మొగలి పొదలు పూశాయి. పొద్దున్నే అత్తగారు లేవలేకపోతుంటే చిన్నుని కూడా వెంట తీసుకెళ్లేది.

పిల్ల మాట తగ్గించేసిందని కుమారికి తెలుసు. తండ్రి పోయిన పిల్ల కదా అనుకుంది. కానీ అందులో ఒక వింత ఉందని ఆమెకు మెల్లగా అర్థమవుతూ వచ్చింది. చిన్ను అడిగినదానికి జవాబు చెబుతుంది. ఆకలేస్తే అన్నం అడుగుతుంది. కానీ ఎవర్నీ పిలవదు. తల్లి దూరంగా ఉంటే అక్కడిదాకా నడిచి వచ్చి కొంగు పట్టుకుంటుంది. కోళ్లను గూట్లోకి రమ్మని అనదు, వెనక నుంచి తోలుతుంది. ఆటకి స్నేహితురాలి ఇంటికి వెళితే గుమ్మం ముందు అలా నిలబడి, ఎవరైనా చూసేదాకా ఎదురుచూస్తుంది.

ఒకరోజు పొద్దున కుమారి పొదల్లో లోతుగా వెళ్లి పూలు కోస్తోంది. చిన్నుని దారి దగ్గర నిలబెట్టింది. "బండొస్తే నన్ను కేకెయ్యి" అని చెప్పింది. భట్టీ బండి వచ్చింది. మిగతా ఆడవాళ్ల పూలు ఎక్కించుకుని వెళ్లిపోయింది. చిన్ను కేకెయ్యలేదు. కుమారి గంప నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేసరికి దారి ఖాళీగా ఉంది, పిల్ల నిలబడ్డచోటే నిలబడి ఉంది.

కుమారికి ఒళ్లు మండిపోయింది. గంప దించి, పిల్ల చెంప మీద ఒక్కటి కొట్టింది. "నోరు పడిపోనాదేటే? కేకెయ్యమన్నాను కదేటి!"

చిన్ను ఏడవలేదు. తల్లి మొహంలోకి చూసి మెల్లగా అంది. "నాను పిలిస్తే సచ్చిపోతారే అమ్మా."

"ఏటీ?"

"నాను వానని పిలిసినాను. నాన్న సచ్చిపోనాడు. నిన్ను పిలిస్తే నువ్వూ సచ్చిపోతావు."

కుమారి పిల్లని దగ్గరికి లాక్కుంది. గీరుకుపోయిన చేతులతోనే దాని వీపు నిమిరింది. "కాదే తల్లీ, అలగ కాదే" అంది.

"నానమ్మ సెప్పినాది. ఏడుస్తూ సెప్పినాది."

కాదని చెప్పాలి. కానీ ఎలా చెప్పాలో కుమారికి తోచలేదు. వాన ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే ఆమెకు తెలిసిన జవాబు ఒక్కటే, దేవుడు కురిపిస్తాడని. మొక్కితే కురిపిస్తాడని. కప్పతల్లి ఆడితే కురిపిస్తాడని ఊరంతా కలిసి పిల్లలకు నేర్పింది. అదే నిజమైతే పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? కుమారి గంప నెత్తికెత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని భట్టీకి నడిచింది. 

*

ఊరి బడిలో ప్రణతి అనే టీచరు ఉంది. బరంపురంలో ఎన్నాళ్ల నుంచో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్లది. రోజూ బస్సులో వచ్చి వెళుతుంది. పాఠం ఒడియాలో చెప్పి, తెలుగు ఇళ్ల పిల్లల మొహాలు చూసి, మళ్లీ తెలుగులో చెబుతుంది. ఆ సాయంత్రం బడి విడిచాక కుమారి ఆమె దగ్గరికి వెళ్లి, జరిగినదంతా చెప్పింది.

ప్రణతి సర్దుకుంటున్న పుస్తకాలు పక్కన పెట్టింది. తర్వాత, "క్లాసులో అస్సలు నోరు విప్పదండీ. కానీ వాన పాఠం చెప్పినప్పుడు పలక మీద బొమ్మ వేసింది. సముద్రం, సూర్యుడు, మబ్బు, చినుకులు, అన్నీ సరిగ్గానే వేసింది. నేను శభాష్ అన్నాను. ఇదంతా నాకు తెలియదు" అంది.

"నాకు కూడా సెప్పండి టీచరమ్మా. వానెలా వస్తాది?"

ప్రణతి బల్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. "ఆరేసిన చీర ఆరిపోతుంది కదా, ఆ తడి ఎటు పోయింది? గాలిలోకే. కంటికి కనబడదంతే. ఎండకి సముద్రం మీదా, చెరువుల మీదా, ఆకుల మీదా రోజూ జరిగేది అదే. ఆ తడి ఉన్న గాలి వేడెక్కితే తేలికై పైకి పోతుంది. పైన బాగా చల్లగా ఉంటుంది. అక్కడ ఆ ఆవిరి చల్లబడి, దుమ్ము రేణువుల్ని పట్టుకుని, సన్నటి నీటిబొట్లవుతుంది. అలాంటివి లెక్కలేనన్ని కూడితే మబ్బు. బొట్లు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కితే గాలి మోయలేదు. పడిపోతాయి. అదే వాన."

"మరి ఎప్పుడు రావాలో ఎవులు సెప్తారు?"

"ఎవరూ చెప్పరండీ. వేసవిలో నేల కాగినంతగా సముద్రం కాగదు. నేల మీది వేడిగాలి పైకి లేస్తూంటే, ఆ చోటులోకి సముద్రం మీది తడిగాలి వస్తుంది. ఎక్కడో కేరళ దగ్గర మొదలై ఒక్కో ఊరూ దాటుకుంటూ మనదాకా వస్తుంది. కొన్నేళ్లు తొందరగా, కొన్నేళ్లు ఆలస్యంగా. పిల్లలు కప్పను పట్టుకోకముందే ఆ గాలి బయల్దేరి ఉంది. వాళ్లు పాడకపోయినా వచ్చేదే."

కుమారి ఆ మాటను లోపల ఒకసారి అనుకుంది. పాడకపోయినా వచ్చేదే. తర్వాత, "మరి పిడుగు?" అని అడిగింది.

ప్రణతి తటపటాయించింది. "ఆ రకం మబ్బు చాలా ఎత్తుగా లేస్తుంది. దాని లోపల మంచు పలుకులు పైకీ కిందకీ కొట్టుకుంటూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అప్పుడు కరెంటు పుడుతుంది. అది ఎక్కువైపోతే నేలకి దూకుతుంది. దూకేటప్పుడు ఎత్తుగా ఉన్నదాన్ని..." అని ఆగిపోయింది.

"సెప్పండి, పర్వానేదు."

"ఎత్తుగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అందుకే చెట్టు కిందకి వెళ్లకూడదు. ఉరుము వినబడగానే పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. ఇల్లు దగ్గర్లో లేకపోతే చెట్లకి, నీళ్లకి దూరంగా, పల్లంలో, మడమలు రెండూ దగ్గరపెట్టుకుని గొంతుక్కూర్చోవాలి. పడుకోకూడదు."

"ఇది మీరు పిల్లలకి సెప్తారేటి?"

"చెబుతామండీ. మూడో తరగతిలో."

లక్ష్ముడు రెండో తరగతితో బడి మానేసి పశువుల వెంట వెళ్లినవాడు. ఆ సంగతి కుమారి టీచరుకు చెప్పలేదు. దండం పెట్టి లేచింది. బడి గేటు దాటాక గోడ పక్కన ఆగిపోయింది. గట్టు మీద చుట్టూ ఎంత ఖాళీ నేల ఉంది! తాడిచెట్టుకు దూరంగా ఆ పల్లంలో తడుస్తూ గొంతుక్కూర్చుని ఉంటే, ఒళ్లంతా బురదతో ఇంటికి వచ్చి, "సూసినావా, వాన రాదన్నాను, వొచ్చినాది" అని నవ్వి ఉండేవాడేమో. ఇంత చిన్న సంగతి. ఎనిమిదేళ్ల పిల్లలకి చెప్పే సంగతి.

*

ఇంటికి రాగానే కుమారి చిన్నుకి చెప్పింది. తడి చీర, ఆవిరి, పైన చలి, మబ్బు. చిన్ను శ్రద్ధగా విని తలూపింది. "నాకు తెలుసు. బళ్లో సెప్పినారు."

"మరింకేటి?"

"అది బళ్లో వాన అమ్మా. ఇది మన వాన."

కుమారికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిల్ల అన్నది తనకు బాగా అర్థమైంది. పలక మీద వేసే వాన వేరు, నాన్నని తీసుకుపోయిన వాన వేరు. మాటలతో ఆ రెండూ ఒకటే అని చెబితే పిల్ల నమ్మదు.

ఆ ఆదివారం పూలు అప్పజెప్పి, కుమారి పిల్లని భట్టీ లోపలికి తీసుకెళ్లింది. పొడుగాటి రేకుల షెడ్డు. మట్టి పొయ్యిల మీద పెద్ద పెద్ద రాగి డేగిసాలు. వాటిల్లో మొగలిపూలు, నీళ్లు పోసి, మూతల చుట్టూ ఆవిరి పోకుండా మట్టి మెత్తుతారు. ప్రతి మూత నుంచి ఒక వెదురు గొట్టం బయటికి వచ్చి, పక్క తొట్టిలో నీళ్లలో మునిగి ఉన్న ఇంకో రాగి పాత్రలోకి వెళుతుంది. మంట చూసుకునే ధనరాజు కుమారిని ఎన్నాళ్ల నుంచో ఎరిగినవాడు. పిల్లకి చూపించాలంటే అడ్డుచెప్పలేదు. తొట్టిలోని పాత్ర మార్చే సమయం కావడంతో, గొట్టం కొసను బయటికి తీసి, దాని కింద తడిగుడ్డ చుట్టిన ఒక చిన్న చెంబు పట్టాడు.

"ఇటు సూడు సిన్నూ. ఈ డేగిసాలో ఏటుంది?" అని కుమారి అడిగింది.

"నీల్లు. పూలు."

"కింద మంట. నీల్లు ఏటవుతాయి?"

"ఆవిరి."

"అదెక్కడికి పోతాది?"

చిన్ను గొట్టం వెంట వేలు చూపిస్తూ చెంబు దాకా వచ్చింది. చెంబు లోపలి గోడల మీద బొట్లు పుడుతున్నాయి. ఒకటి ఇంకోదానితో కలిసి, లావై, నిలవలేక జారుతోంది. షెడ్డు నిండా మొగలి వాసన.

"మంటున్న సోట సూరుడనుకో. ఈ డేగిసా మన సముద్రం. ఈ సల్లటి సెంబు ఆకాశం. ఆ జారేదే వాన" అంది కుమారి. "పొయ్యి మండుతున్నంతసేపూ జారుతాది."

"మంట ఆరిపోతే?"

"ఆగిపోద్ది."

చిన్ను చెంబుని చాలాసేపు చూసింది. తర్వాత తల్లి వైపు చూడకుండా, "నాను రమ్మంటే?" అంది.

"అని సూడు."

పిల్ల పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. వంగి, చెంబు దగ్గరగా మొహం పెట్టి, "రా" అంది. బొట్లు అలాగే జారాయి. "బేగి రా" అంది. తేడా ఏమీ లేదు. కొంచెం గొంతు పెంచి, "రావొద్దు! ఎల్లిపో!" అంది. అప్పుడూ అంతే. ఒకటి పుట్టడం, లావెక్కడం, జారడం.

"వినట్నేదమ్మా."

"వినదు. దానికి సెవులేవీ?"

చిన్ను నిటారుగా నిలబడింది. మొహం ముడుచుకుంది. అప్పుడు మొదలైంది ఏడుపు. తండ్రి శవం ముందు ఏడవని పిల్ల, చెంప మీద కొట్టినా ఏడవని పిల్ల, ఆ పొయ్యిల మధ్య, అంత మంది పనివాళ్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. ధనరాజు మంట తగ్గించి పక్కకి వెళ్లిపోయాడు. కుమారి పిల్లని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఊరుకోమని అనలేదు.

*

ఇంటికి వెళ్లాక కుమారి అత్తగారితో ఆ మాట ఎత్తింది. దెబ్బలాటకి కాదు. పిల్లకి ఆమె నోటివెంట ఒక మాట వినబడాలని.

కూర్మమ్మ తెల్లబోయింది. "నానా? నానన్నానా ఆ మాట? నా సిన్నుని?"

"ఏడుపులో అన్నావత్తా. నీకు గెవనం నేదు."

కూర్మమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.  తర్వాత లేచి మనవరాలి దగ్గరికి వెళ్లి, "ఒలే తల్లీ, అది నా మాట కాదే. ఏడుపుకి బుద్దుండదే" అని చెయ్యి చాచింది. చిన్ను వెళ్లి పక్కన కూర్చుంది, కానీ ఒళ్లో కూర్చోలేదు. ముసలమ్మ అది గమనించింది.

ఆ తర్వాత కూర్మమ్మ ఎవరింటా రాగం తీసి ఏడవలేదు. పక్కింటి జగ్గమ్మ అత్తగారు పోయినప్పుడు కబురొస్తే వెళ్లింది. అందరూ ఆమె గొంతు కోసం చూశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని శవం కాళ్ల దగ్గర కూర్చుని, అలాగే లేచి వచ్చేసింది. కొడుకు పోయాక ముసలిది మెత్తబడిపోయిందని జనం అనుకున్నారు.

చిన్ను మెల్లగా మారింది. మొదట కోళ్లని పిలిచింది. తర్వాత స్నేహితురాళ్లని. భాద్రపదం వెళ్లేసరికి పొదల అవతల నుంచి "అమ్మా, బండొచ్చినాది!" అన్న కేక కుమారికి వినబడింది. ఆమె పొదల్లో నిలబడి కళ్లు తుడుచుకుని, కావాలనే కొంచెం ఆలస్యంగా పలికింది, ఇంకోసారి పిలుస్తుందని.

మొగలి పూత అయిపోయే రోజుల్లో ఒకనాటి మధ్యాహ్నం తల్లీ కూతుళ్లు చెరువు గట్టు మీదుగా ఇంటికి వస్తున్నారు. తాడిచెట్టు మొదలు మాత్రం నల్లగా నిలబడి ఉంది. పైభాగం లేదు. చిన్ను దాన్ని చూస్తూ నడిచి, ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, పిడుగుకి నాన్న తెలుసేటి?"

"తెల్దే. దానికి ఎవులూ తెల్దు."

"మరి తప్పెవులిది?"

"ఎవులిదీ కాదు" అంది కుమారి.  గట్టు మీదే కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది, చెప్పకూడదనుకున్నది, ఆ చిన్నపిల్ల ముందు నోరు జారింది. "నానే పంపినాను సిన్నూ. మీ నాన్న ఎల్లనన్నాడు. వాన రాదన్నాడు. నానే నవ్వి, బేగి ఎల్లు అన్నాను."

చిన్ను కాసేపు ఆలోచించింది. తల్లి పక్కన కూర్చుని, భట్టీలో తల్లి తనకు చెప్పినట్టే ఓపిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. "సూడు అమ్మా. సూరుడు సముద్రాన్ని కాస్తాడు. ఆవిరి పైకి ఎల్తాది. పైన సల్లగుంటాది. మబ్బవుతాది. నువ్వు సెప్పినా వొస్తాది, సెప్పకపోయినా వొస్తాది. దానికి సెవుల్లేవు కదేటి."

"అవునే" అంది కుమారి. "అవునే నా తల్లీ."

పిల్ల మొహంలో తృప్తి కనబడింది. తల్లికి పాఠం అర్థమైందనుకుంది. కుమారి దాని తల నిమిరింది. మబ్బుకి చెవులు లేవు, నిజమే. కానీ లక్ష్ముడికి ఉన్నాయి. అతను ఆమె మాట విన్నాడు. ఎప్పుడూ వినేవాడు. ఆ తేడా పిల్లకి చెప్పదలుచుకోలేదు. చెప్పకుండా లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.

ఇప్పుడు చిన్ను నాలుగో తరగతి. ఉరుము వినబడితే వీధిలో పిల్లలందర్నీ ఇళ్లలోకి తరిమే పని దానిదే. దాని మాట పిల్లలు వింటారు. పొలాల్లో ఉన్నవాళ్ల సంగతి కుమారి చూసుకుంటుంది. పడమటి వైపు మబ్బు గోడలా లేచిందంటే చేతిలో పని వదిలేసి గట్ల వెంట తిరుగుతూ, చెట్ల కింద ఎవరున్నా లేపి ఇళ్లకు పంపిస్తుంది. కొందరు విసుక్కుంటారు. జగ్గమ్మ మాత్రం, "దాని బాధ దానిది, లేవండే" అని మిగతావాళ్లను లేపుతుంది.

ఇంట్లో మాత్రం కుమారి ఎవరికీ ఏ పనీ చెప్పదు. ఉప్పు అయిపోయినా, కిరసనాయిలు తేవాలన్నా, మేక తాడు తెంపుకున్నా తనే లేచి వెళుతుంది. ఒళ్లు కాలిపోతున్న జ్వరంలో కూడా అంతే. "నాను ఎల్తానే అమ్మా, పక్క ఈదే కదా" అని చిన్ను గుమ్మం దాకా వస్తుంది. "నువ్వుండు" అంటుంది కుమారి. చెప్పులు తొడుక్కుని, మబ్బున్నా ఎండున్నా, ఒక్కసారి పైకి చూసి వీధిలోకి నడుస్తుంది.